లేత ధమనుల్లో సున్నం, పిల్లల బి.పి. కొలిచేదెవరు?

కోల్‌కతా: రక్తపోటు అనగానే నడివయసు దాటిన వారి జబ్బుగా భావించడం మన సమాజంలో పరిపాటి. అయితే పుస్తకాల సంచీ మోసే వయసులోనే ఆ జబ్బుకు అంకురార్పణ జరుగుతున్నదని 2025లో రెండు నెలల వ్యవధిలో వెలువడిన రెండు నివేదికలు స్పష్టం చేశాయి. వాటిలో ఒకటి బెంగాల్ తల్లిదండ్రులకు ప్రత్యేకించి ఆందోళన కలిగించేదిగా ఉంది.

కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో విడుదల చేసిన 'చిల్డ్రన్ ఇన్ ఇండియా' నివేదిక ప్రకారం, దేశంలో 5 నుంచి 9 సంవత్సరాల వయసు పిల్లల్లో మూడో వంతుకు పైగా రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు అధిక మోతాదులో ఉండే అవకాశం ఉంది. రాష్ట్రాలవారీగా చూస్తే పశ్చిమ బెంగాల్ 67 శాతంతో అగ్రస్థానంలో నిలిచింది. సిక్కింలో ఇది 64 శాతం కాగా, కేరళలో 16.6 శాతం మాత్రమే. 10 నుంచి 19 సంవత్సరాల వారిలో సుమారు 5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు కూడా అదే నివేదిక పేర్కొంది. ఈ విషయంలో 10 శాతంతో ఢిల్లీ, 8.6 శాతంతో ఉత్తరప్రదేశ్, 8.3 శాతంతో మణిపూర్ ముందున్నాయి. ఈ అంకెలకు ఆధారం 2016–18 మధ్యకాలంలో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే. అంటే నాడు పరీక్షించిన బాలబాలికల్లో పెద్దవారు ఇప్పటికే ఉద్యోగాల్లో, సంసారాల్లో స్థిరపడి ఉంటారు.

దేశంలో 10–19 ఏళ్ల వారు 25 కోట్లకు పైగా ఉన్నారని యునిసెఫ్ అంచనా. అందులో 5 శాతమంటే కోటీ పాతిక లక్షల మంది. ఈ లెక్కను కొంత జాగ్రత్తతోనే చదవవలసి ఉంటుంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ హెచ్చుగా ఉంటేనే పిల్లల్లో రక్తపోటును నిర్ధారించాలన్నది వైద్యశాస్త్ర నియమం. పరీక్ష చేసేవారిని చూసి బెదిరిన పిల్లవాడి రక్తపోటు తాత్కాలికంగా పెరగడం సహజం. అందులో సగం మందినే లెక్కలోకి తీసుకున్నా సంఖ్య 60 లక్షలు దాటుతుంది.

రెండో నివేదిక అంతర్జాతీయమైనది. 'లాన్సెట్' వైద్యపత్రికల కుటుంబానికి చెందిన బాలల ఆరోగ్య పత్రికలో 2025 నవంబరులో ప్రచురితమైన ఈ పరిశోధన 21 దేశాలలో జరిగిన 96 అధ్యయనాలను క్రోడీకరించింది. 2000 సంవత్సరంలో 3.2 శాతంగా ఉన్న బాలల అధిక రక్తపోటు 2020 నాటికి 6.2 శాతానికి చేరిందని, ప్రపంచవ్యాప్తంగా 11.4 కోట్ల మంది బాలలు దీని బారిన పడ్డారని తేల్చింది. స్థూలకాయం గల పిల్లల్లో ఇది దాదాపు 19 శాతం ఉండగా, తగిన బరువు గలవారిలో 3 శాతం లోపే ఉండటం గమనార్హం.

యుద్ధభూమిలో బయటపడిన నిజం

ధమనుల వ్యాధి వృద్ధాప్యంలోనే మొదలవుతుందన్న నమ్మకం తొలిసారిగా సడలింది కొరియా యుద్ధ కాలంలో. ఆ యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను సైనిక వైద్యులు పరీక్షించి 1953లో ఫలితాలు ప్రకటించారు. మృతుల సగటు వయసు 22 సంవత్సరాలు. వారిలో 77 శాతం మంది గుండె ధమనుల్లో అప్పటికే వ్యాధి జాడలు కనిపించాయి. శరీర దారుఢ్యాన్ని బట్టి ఎంపిక చేసుకున్న యువకుల పరిస్థితే ఇలా ఉండటం వైద్యలోకాన్ని నివ్వెరపరచింది.

తర్వాత అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో బొగలూసా అనే చిన్న పట్టణం ఈ పరిశోధనకు కేంద్రమైంది. డాక్టర్ జెరాల్డ్ బెరెన్సన్ 1973లో అక్కడి పిల్లల బరువు, రక్తపోటు, రక్తంలోని కొవ్వు కొలిచి నమోదు చేయించడం ప్రారంభించారు. దశాబ్దాల తరబడి ఆ కొలతలు కొనసాగాయి. ప్రధానంగా ప్రమాదాల వంటి కారణాలతో మరణించిన 2 నుంచి 39 సంవత్సరాల వయసు గల 204 మందికి జరిగిన శవపరీక్షల వివరాలు 1998లో వెలువడ్డాయి. బతికి ఉండగా ఎవరి బరువు, రక్తపోటు, కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా నమోదయ్యాయో వారి ధమనుల్లోనే కొవ్వు చారలు, గడ్డలు అధికంగా పేరుకుని ఉన్నాయి. బెంగాల్ పిల్లల్లో 67 శాతమని చెబుతున్నది ఈ ట్రైగ్లిజరైడ్ల గురించే.

ధమని గోడలోకి చేరిన కొవ్వు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతే దాని చుట్టూ కాల్షియం పేరుకుంటుంది. కాచిన నీళ్ల బిందె లోపల తెల్లటి పెచ్చు కట్టినట్లే రక్తనాళానికి సున్నం పడుతుందని చెప్పవచ్చు. బిందెలో పెచ్చు ఉప్పునీటి నుంచి తనంత తానుగా దిగుతుంది. ధమనిలో మాత్రం గోడలోని జీవకణాలే ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. గుండె ఒక్కో దెబ్బకు రక్తాన్ని నెట్టినపుడు రబ్బరులా సాగి ఆ ఒత్తిడిని మింగవలసిన గొట్టం బిగుసుకుపోతే రక్తపోటు ఇంకా పెరుగుతుంది. పెరిగిన రక్తపోటు గోడను ఇంకా దెబ్బతీస్తుంది. ఈ విషవలయం ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

మామూలు పిల్లల్లో ఈ సున్నం దశ చిన్నతనంలో కనిపించదు. అయితే ఎంతోకాలం ఆగదు కూడా. అమెరికాలోనే అయోవా రాష్ట్రంలోని మస్కటైన్ పట్టణంలో బడి వయసు నుంచి కొలతలు తీసుకున్న 384 మందికి 29–37 సంవత్సరాల వయసులో స్కానింగ్ జరపగా పురుషుల్లో 31 శాతం, స్త్రీలలో 10 శాతం మందికి గుండె ధమనుల్లో కాల్షియం కనిపించింది. చిన్ననాటి అధిక బరువు, యౌవనంలోని అధిక రక్తపోటు అందుకు దారితీసిన అంశాలలో ఉన్నట్లు 1996లో ప్రకటించారు. 2022లో ఆస్ట్రేలియా, ఫిన్లాండ్, అమెరికా పరిశోధకులు 38,589 మందిని చిన్ననాటి నుంచి సగటున 35 సంవత్సరాలపాటు గమనించి, బాల్యంలోని రక్తపోటు, కొవ్వు, బరువు, పొగతాగే అలవాటు పెద్దయ్యాక వచ్చే గుండెపోటు, పక్షవాతాలతో ముడిపడి ఉన్నాయని నిర్ధారించారు.

పసిబిడ్డకే సున్నం పడితే...

నిజంగా చిన్నతనంలోనే, కొన్ని సందర్భాల్లో పురిటిలోనే, ధమనులకు సున్నం పట్టే వ్యాధులు లేకపోలేదు. అవి అరుదు. అయితే అధిక రక్తపోటే వాటి మొదటి హెచ్చరిక కావడం వల్ల ఇక్కడ ప్రస్తావించవలసి వస్తున్నది.

శైశవ ధమనీ కాల్సీకరణ వ్యాధిని వైద్యులు 1901లోనే వర్ణించారు. కారణం తెలిసింది మాత్రం 2003లో. రక్తంలో ఉండే పైరోఫాస్ఫేట్ అనే పదార్థం కాల్షియం ఎముకల్లో తప్ప మరెక్కడా గట్టిపడకుండా కాపలా కాస్తుంది. దానిని తయారుచేసే ఇ.ఎన్.పి.పి.-1 అనే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపభూయిష్టంగా సంక్రమిస్తే కాపలా లేకుండా పోతుంది. బృహద్ధమని మొదలు గుండె, మూత్రపిండాల ధమనుల వరకు గట్టిపడి, బిడ్డ తీవ్రమైన రక్తపోటుతో, గుండె వైఫల్యంతో ఆసుపత్రికి చేరుతుంది. ఈ వ్యాధి సోకిన శిశువుల్లో దాదాపు సగం మంది తొలి ఆరు నెలల్లోనే మరణిస్తున్నారు. ఆ గండం గడిచినవారిలో కొందరికి సున్నం క్రమంగా కరిగిపోవడం కూడా కద్దు. ఇద్దరు తల్లిదండ్రుల్లోనూ ఒకే లోపం ఉండాలంటే రక్తసంబంధం ఉన్న పెళ్లిళ్లలోనే అవకాశం ఎక్కువ. మేనరికాలు ఇప్పటికీ సాగుతున్న తెలుగునాట ఇది పట్టించుకోదగ్గ విషయం.

మూత్రపిండాలు చెడిపోయి డయాలిసిస్‌పై ఆధారపడిన పిల్లలది వేరొక కథ. రక్తంలో ఫాస్ఫరస్ నిల్వ ఉండిపోవడం, దానిని అదుపు చేయడానికి వాడే మందుల్లోని కాల్షియం, వీటికి తోడు రక్తపోటు కలిసి ధమనులపై దాడి చేస్తాయి. అమెరికాలో 39 మంది యువ డయాలిసిస్ రోగులను పరీక్షించి 2000లో ప్రకటించిన ఫలితం విస్మయం కలిగించేది. 20 సంవత్సరాల లోపు వయసున్న 23 మందిలో ఒక్కరి గుండె ధమనిలోనూ కాల్షియం లేదు. 20–30 మధ్య వయసున్న 16 మందిలో 14 మందికి ఉంది. ముప్పు అంతా ఆ కొద్ది సంవత్సరాల్లోనే ముంచుకొస్తున్నదన్నమాట.

అందుకు ముందే మేలుకుంటే ఫలితం ఉంటుందనడానికి ఐరోపాలో జరిగిన ఒక ప్రయోగం నిదర్శనం. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి గల 385 మంది పిల్లలకు మందులిచ్చి, సగం మందిలో రక్తపోటును మామూలు లక్ష్యం వరకు, మిగతా సగం మందిలో మరింత కిందికి దించి ఐదేళ్లు గమనించారు. మామూలు లక్ష్యం పెట్టుకున్నవారిలో 41.7 శాతం మంది మూత్రపిండాలు బాగా క్షీణించగా, గట్టిగా అదుపు చేసినవారిలో అది 29.9 శాతానికే పరిమితమైంది. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

సర్పగంధ పుట్టిన నగరం

రక్తపోటు చికిత్సలో కోల్‌కతాకు ఉన్న స్థానం సామాన్యమైనది కాదు. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని ఆధునిక వైద్యలోకానికి తెలియజేసిన వ్యాసం 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు రాయగా ఈ నగరంలోనే వెలువడింది. ఇక్కడి ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఆర్.ఎన్. చోప్రా ఆ మూలికపై పరిశోధనలు సాగించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ పత్రికలో తన అనుభవాన్ని ప్రచురించిన తర్వాత ప్రపంచం దృష్టి దానిపై పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. శిశువైద్యంలోనూ ఈ నగరానిది తొలి వరుసే. డాక్టర్ కె.సి. చౌధురి 1933లో భారతీయ శిశువైద్య పత్రికను ఇక్కడే ప్రారంభించారు. శిశు ఆరోగ్య సంస్థను స్థాపించిందీ ఆయనే.

అటువంటి నగరంలో బడి గేటు ముందు దృశ్యం నేడు ఎలా ఉన్నదో ఇక్కడికి వచ్చిన తెలుగువారందరికీ తెలుసు. ఝాల్‌మురి, ఫుచ్కా, ఎగ్‌రోల్, చౌమీన్, నూనెలో వేగుతున్న తేలేభాజా బజ్జీలు. టాంగ్రా చైనా వీధి నుంచి నగరమంతా పాకిన చౌమీన్‌నే తీసుకుంటే, అందులో పోసే సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలకు రోజుకు 2,000 మిల్లీగ్రాములకు మించరాదని, అంటే ఉప్పు ఒక చిన్న చెంచాకు మించరాదని, పిల్లలకు ఇంకా తక్కువ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అయినా బెంగాల్ అంకెకు వీధి తిండి ఒక్కదానినే దోషిగా నిలబెట్టడం తొందరపాటవుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి వేపుళ్లే అక్కరలేదు. పప్పు, కూర కొద్దిగా, అన్నం కుప్పగా తినే భోజనం, తీపి పదార్థాలు, ఆటలు లేని దినచర్య కూడా చాలు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ లేనిదే ముద్ద దిగని మనవారు బెంగాలీలను చూసి నవ్వనక్కరలేదు.

బెంగాల్‌కు ప్రత్యేకమైన మరొక ముప్పు కూడా ఉంది. రాష్ట్రంలో గొట్టపు బావుల నీటిలోని ఆర్సెనిక్ వల్ల చర్మవ్యాధులు వస్తున్నాయని 1980ల తొలినాళ్లలో ఉష్ణమండల వైద్య పాఠశాలకు చెందిన డాక్టర్ కె.సి. సాహా గుర్తించారు. ఆర్సెనిక్ చర్మంతో ఆగదు. చిలీ దేశంలోని ఆంటోఫగస్టా నగరం 1958 నుంచి 1970 వరకు ఆర్సెనిక్ కలిసిన నీరు తాగింది. ఆ విషం బారినపడి మరణించిన పసిపిల్లల శవపరీక్షల్లో ధమనుల గోడలు దళసరెక్కి ఉండటం వైద్యులు చూశారు.

చట్టం యాభై మీటర్లు, పన్ను అయిదు శాతం

కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న ఆహారాన్ని పాఠశాల క్యాంటీన్లలో గాని, గేటుకు 50 మీటర్ల లోపు గాని విక్రయించరాదని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో నిబంధనలు జారీ చేసింది. 2025 మే నెలలో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన పాఠశాలల్లో చక్కెర బోర్డులు, జూలైలో నూనె బోర్డులు పెట్టాలని ఆదేశించింది. ఉప్పు మాత్రం బోర్డెక్కలేదు.

ఇదిలా ఉండగా మార్కెట్ తన దారిన తాను పోతున్నది. 2011–2021 మధ్య అతిగా శుద్ధిచేసిన ప్యాకెట్ ఆహార పదార్థాల చిల్లర అమ్మకాల విలువ దేశంలో సాలీనా 13.37 శాతం చొప్పున పెరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక తెలిపింది. 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జి.ఎస్.టి. మండలి నమ్‌కీన్, భుజియా, ఇన్‌స్టంట్ నూడుల్స్, పాస్తా, చాక్లెట్లపై పన్నును 5 శాతానికి తగ్గించింది. చక్కెర కలిపిన కూల్‌డ్రింకులను 40 శాతం శ్లాబులో ఉంచింది; సెస్సుతో కలిపి వాటిపై భారం అంతకుముందూ దాదాపు అంతే. సామాన్యుడి ఖర్చు తగ్గించడమే మండలి ఉద్దేశమనడంలో సందేహం లేదు. అయితే అదే నెలలో, అదే ప్రభుత్వానికి చెందిన మరో శాఖ పిల్లల రక్తంలోని కొవ్వు లెక్కలను విడుదల చేసింది. ఈ రెండు కాగితాలను ఒకే బల్లపై పక్కపక్కన పెట్టి చూసినవారున్నారా అన్నది ప్రశ్న.

ఉప్మా నేర్పిన పాఠం

ఈ విషయంలో తెలుగు నేలపై జరిగిన ఒక పరిశోధనకు ప్రపంచ ప్రాధాన్యం లభించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య నగర పరిసరాల్లోని 29 గ్రామాలను ఎంచుకున్నది. 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. గర్భిణులకు రోజుకు సుమారు 500 క్యాలరీలు, 20 గ్రాముల ప్రొటీన్లు దాని ద్వారా అందాయి. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు.

ఆ పిల్లలు 13–18 ఏళ్ల వారయ్యాక 2003–05లో పరిశోధకులు మళ్లీ అదే గ్రామాలకు వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. డాక్టర్ సంజయ్ కిన్రా బృందం ఫలితాలను 2008లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' ప్రచురించింది. ఉప్మా తిన్న గ్రామాల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ పెరిగారు. ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడమనే లక్షణం 20 శాతం తక్కువగా ఉంది. అన్నిటికంటే విశేషమేమంటే, వారి ధమనుల బిగువు 3.3 శాతం తక్కువగా నమోదైంది. రక్తపోటులో గాని, రక్తంలోని కొవ్వులో గాని రెండు తరగతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

చివరి వాక్యాన్ని వైఫల్యంగా భావించనక్కరలేదు. బి.పి. పరికరంలో అంకె మారకముందే ధమని గోడలో మార్పు మొదలవుతుందనీ, తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనిపిస్తుందనీ దీనివల్ల అవగతమవుతున్నది. ధమనుల వ్యాధిని బలిసినవారి జబ్బుగా మాత్రమే చూడటం ఎంత పొరపాటో చెప్పడానికి ఈ 29 గ్రామాలు చాలు.

చేతికి చుట్టే పట్టీయే అసలు సమస్య

పిల్లల రక్తపోటును నిర్ణయించడం పెద్దల విషయంలో అంత సులభం కాదు. 13 ఏళ్లు నిండినవారికి 130/80 దాటితే హెచ్చుగా పరిగణించాలని అమెరికన్ శిశువైద్యుల అకాడమీ 2017లో నిర్దేశించింది. అంతకంటే చిన్నవారికి ఒకే అంకె లేదు. అదే వయసు, అదే ఎత్తు గల వంద మంది బాలురలో లేదా బాలికలలో 95 మంది కంటే పైన ఉంటే హెచ్చు అన్నమాట. అందుకోసం పట్టికలున్నాయి. మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఏటా ఒకసారి కొలవాలన్నది అదే సూచన.

కొలిచే పట్టీ పిల్లవాడి చేతికి సరిపోవాలి. పట్టీలోని గాలి సంచి వెడల్పు జబ్బ చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. ఇరుకు పట్టీతో లావుపాటి చేతికి కొలిస్తే లేని బి.పి. ఉన్నట్లు కనిపిస్తుంది, పెద్దల పట్టీని సన్నని చేతికి చుడితే ఉన్న బి.పి. దాగిపోతుంది. బిడ్డను అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, కుడిచేతికి, గుండె ఎత్తులో కొలవాలి.

హెచ్చుగా వచ్చినపుడు కాలికి కూడా కొలవడం అవసరం. చేతిలో ఎక్కువగా, కాలిలో తక్కువగా ఉంటే బృహద్ధమని పుట్టుకతోనే నొక్కుకుపోయి ఉండవచ్చు. నాడి ఒక చేతికి అంది మరో చేతికి అందకపోతే తకయాసు వ్యాధిని శంకించాలి. మన దేశపు పిల్లల్లో మూత్రపిండాల ధమని ఇరుకై రక్తపోటు రావడానికి ఈ వ్యాధి ఒక ముఖ్య కారణం. ఈ రెంటినీ సకాలంలో గుర్తిస్తే శస్త్రచికిత్సకో, బెలూన్ చికిత్సకో, మందులకో లొంగుతాయి. చిన్న వయసులో, ముఖ్యంగా పదేళ్ల లోపు, తీవ్రమైన రక్తపోటు కనిపిస్తే మూత్రపిండాలను పరీక్షించకుండా వదలరాదు. యుక్తవయసు పిల్లల్లో మాత్రం బరువు, ఉప్పు, కదలిక లేని జీవనమే ప్రధాన కారణాలు. వారిలో చాలామందికి తొలి మందు ఆటస్థలమే.

ఉప్పు తగ్గించడంలో పిల్లలే పెద్దలకు గురువులు కాగలరని చైనాలో రుజువైంది. షాంక్సీ రాష్ట్రంలోని 28 ప్రాథమిక పాఠశాలల్లో సగం చోట్ల ఉప్పు గురించి పాఠం చెప్పి, ఇంట్లో అమలు చేయించమని పిల్లలను పురమాయించారు. ఒక విద్యా టర్ము ముగిసేసరికి పాఠం చెప్పని బడులతో పోలిస్తే ఆ పిల్లల్లో రోజుకు 1.9 గ్రాములు, వారి ఇళ్లలోని పెద్దల్లో 2.9 గ్రాములు ఉప్పు వాడకం తగ్గింది.

మన దేశంలో అసంక్రామక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద రక్తపోటు పరీక్షలు 30 ఏళ్లు దాటినవారికి జరుగుతున్నాయి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించేందుకు 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 రకాల లోపాలను, వ్యాధులను వెదకాలని నిర్దేశించింది. పుచ్చిపళ్లు, చెవిపోటు, రక్తహీనత, రుమాటిక్ గుండెజబ్బు ఆ జాబితాలో ఉన్నాయి. అధిక రక్తపోటుకు అందులో విడిగా స్థానం లేదు. ఈ కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళ్లవలసి ఉన్నది. బిడ్డల బరువు, ఎత్తు ఎలాగూ రాసుకుంటున్నారు. సరిపడే పట్టీ ఒకటి చేతికి చుట్టి మరో అంకె రాసుకోవడానికి మనిషికి అయిదారు నిమిషాలు పడుతుంది.